కేస్ షీటులో పరగడుపు

ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉందా లేదా అన్నది, నేను చదువుకున్న రోజుల్లో, రోగిని అడిగి తెలుసుకోవలసిన విషయం. రోగి చెప్పిన మాట, కేస్ షీటులో నర్సు రాసిన వేళ, గోడ మీది గడియారం, ఈ మూడింటినీ నమ్మి మత్తు ఇచ్చేవాళ్లం. ఒంట్లో ఒక భాగాన్ని మాత్రమే మొద్దుబార్చే నరాల బ్లాకుల కోసం థియేటర్లలోకి వచ్చిన అల్ట్రాసౌండ్ యంత్రంతోనే కడుపులోకి చూడవచ్చునని తర్వాత నేర్చుకున్నాము. తిరుపతిలో నేను పనిచేసే ఆసుపత్రిలో కొంతకాలం కిందట చూసిన ఈ కేసులో, అడిగి తెలుసుకున్న సంగతికీ చూసి తెలుసుకున్న సంగతికీ పొంతన కుదరలేదు. రోగి, ఆమె కుటుంబం అనుమతి ఇచ్చిన మీదట రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు వదిలేశాను.

రోగి

ఆమెకు 61 ఏళ్లు, బరువు 62 కిలోలు. చిత్తూరు వైపు పల్లెలో వ్యవసాయ కుటుంబం. 15 ఏళ్లుగా మధుమేహం ఉంది, మాత్రలతో పాటు రెండేళ్లుగా ఇన్సులిన్ కూడా వాడుతున్నది. ఎనిమిది నెలల కిందట గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ నడుస్తున్నాయి. స్టెంట్ వేసినప్పటి మొక్కు తీర్చుకోవడానికి కూతురు, అల్లుడితో కలిసి అలిపిరి నుంచి కాలినడకన కొండ ఎక్కుతూ, మోకాళ్ల పర్వతం దగ్గర ఉదయం ఆరుముప్పావు ప్రాంతంలో మెట్టు తప్పి ఎడమ పక్కకు పడింది. తొమ్మిది గంటలకు మా దగ్గర చేరింది. ఎక్స్‌రేలో ఎడమ తొడ ఎముక, తుంటికి కొద్దిగా దిగువన, రెండు ముక్కలై కనిపించింది. ఎముకల వైద్యుడు మరునాడు ఉదయం తొమ్మిదిన్నరకు లోపల రాడ్ వేసే ఆపరేషన్ నిర్ణయించారు.

ఆ రోజంతా జరిగినవి కేస్ షీటులో సక్రమంగానే ఉన్నాయి. మధ్యాహ్నం కొద్దిగా చారన్నం. రాత్రి ఎనిమిదికి రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం రెండుకూ రాత్రి పదికీ నొప్పికి ట్రమడాల్ ఇంజెక్షన్. రాత్రి పది నుంచి నోటికి ఏమీ ఇవ్వలేదు. ఎకో పరీక్షలో గుండె పనితీరు ఫర్వాలేదు. ఈసీజీలో కొత్త మార్పులు లేవు. ఉదయం ఆరున్నరకు చూసిన షుగరు 246. థియేటరు ముందు గదిలోకి తెచ్చేసరికి ఇడ్లీ తిని పదమూడు గంటలైంది. ఘనాహారానికి ఆరు గంటలు, నెయ్యీ నూనే దండిగా ఉన్న భోజనానికి ఎనిమిది, నీళ్లలాంటి పారదర్శక ద్రవాలకు రెండు గంటలు చాలునన్న అమెరికన్ మత్తు వైద్యుల సంఘం నియమంతో పోల్చినా, మన దగ్గర అలవాటుగా పాటించే ‘రాత్రి పది తర్వాత ఏమీ వద్దు’ అన్న నియమంతో పోల్చినా, ఆమె కాగితం మీద పూర్తిగా పరగడుపున ఉన్న మనిషి.

వెన్నులో మత్తు ఇచ్చి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం బహుశా పడేది కాదు. క్లోపిడోగ్రెల్ ఆఖరి మాత్ర కొండ ఎక్కే ముందటి రాత్రి వేసుకున్నది. ఆ మందు మానిన ఐదు నుంచి ఏడు రోజుల దాకా వెన్నులో సూది గుచ్చకూడదు. గుచ్చితే వెన్నుపాము పక్కన రక్తం గడ్డకట్టి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అలాగని తుంటి విరిగిన మనిషిని ఏడు రోజులు మంచం మీద ఉంచితే, ఛాతీలో కఫం చేరడం, కాళ్లలో రక్తం గడ్డలు, పుండ్లు, అయోమయం ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. చేరిన 48 గంటల్లోపు ఆపరేషన్ ముగించాలన్నది అందుకే. నరాల బ్లాకు నొప్పిని తగ్గిస్తుంది గానీ రాడ్ వేయడానికి అది ఒక్కటే చాలదు. కాబట్టి పూర్తి మత్తే ఇవ్వాలి. పూర్తి మత్తులో దగ్గు, మింగుడు, గొంతు మూసుకునే ప్రతిచర్య అన్నీ పోతాయి. కడుపులోనిది పైకి వస్తే అడ్డుకునేదేమీ ఉండదు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

ఆమె విషయంలో అనుమానానికి కారణాలు మూడు ఉన్నాయి. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారిలో కడుపును కదిలించే వేగస్ నరం దెబ్బతిని, తిన్నది గంటల కొద్దీ అక్కడే నిలిచిపోవచ్చు. పైగా ఆ పూట రక్తంలో షుగరు ఎక్కువగా ఉండడమే కడుపు కదలికను ఇంకా మందగింపజేస్తుంది. ఎముక విరిగిన నొప్పి, భయం, పైన ట్రమడాల్ వంటి మందులు మరో కారణం. అందుకే, గాయపడిన మనిషి విషయంలో చివరి ముద్దకూ మత్తుకూ మధ్య గడిచిన గంటల కన్నా, చివరి ముద్దకూ గాయానికీ మధ్య గడిచిన సమయమే ముఖ్యమని పాతకాలపు మత్తు వైద్యులు చెప్పేవారు. ఆమె దారిలో ఒక కొట్టు దగ్గర ఆరు గంటలకు కాఫీ తాగి రెండు ఇడ్లీలు తిన్నది. మెట్టు తప్పింది ఆరుముప్పావుకు.

వెల్లకిల ఒకటి, పక్కకు తిప్పి ఒకటి

కడుపు స్కానులో మనం చూసేది కడుపు మొత్తాన్ని కాదు, చిన్నపేగులోకి దారితీసే చివరి భాగమైన ఆంట్రంను మాత్రమే. కడుపు పై భాగంలో గాలి ఉంటుంది, గాలి గుండా అల్ట్రాసౌండ్ పోదు. ఆంట్రం మాత్రం చర్మానికి దగ్గరగా, కాలేయపు ఎడమ తమ్మెకు వెనుక, క్లోమానికి ముందు ఎప్పుడూ ఒకే చోట దొరుకుతుంది. పొట్ట స్కానులకు వాడే వంపు ప్రోబును రొమ్ము ఎముక కిందుగా నిలువునా ఉంచి, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరుపుతూ పోతే, వెనుక బృహద్ధమని పొడవుగా కనిపించే చోట దాని ముందు గుండ్రంగా ఆంట్రం దొరుకుతుంది. గోడలోని కండర పొర నల్లటి గీతగా స్పష్టంగా ఉంటుంది కాబట్టి, చిన్నపేగును చూసి కడుపు అని పొరబడకుండా ఉండడానికి ఆ గీతే గుర్తు.

ముందు మా పీజీ విద్యార్థి చూశాడు. ఆమె వెల్లకిల పడుకుని ఉంది. ఆంట్రం చిన్నగా, గుండ్రంగా, మధ్యలో ఖాళీ లేకుండా, విలువిద్యలో గురిపెట్టే చక్రంలా కనిపించింది. కొలతలు 1.6, 2.2 సెంటీమీటర్లు. ‘ఖాళీ సార్’ అన్నాడు. నిజమే, బొమ్మ అలాగే ఉంది. ఆ క్షణంలో నేను కూడా ప్రోబు పెట్టెలో పెట్టేయమందామనే అనుకున్నాను. ఎముక విరిగిన మనిషిని పక్కకు తిప్పడమంటే ఆమెకు నరకం, మాకు పది నిమిషాల ఆలస్యం, బయట లిస్టులో ఇంకా నాలుగు కేసులు.

కానీ వెల్లకిల స్థితిలో దొరికిన ఖాళీని ఖాళీ అని రాయకూడదు. మనిషి వెల్లకిల పడుకున్నప్పుడు కడుపులోనిదంతా వెనుకకు, పై భాగంలోని పల్లానికి జారుతుంది. ఆంట్రం ఎత్తున పడి ఖాళీగా కనిపిస్తుంది. కుడి పక్కకు తిప్పితే బరువున్నదంతా ఆంట్రంలోకి దిగుతుంది, గాలి పైకి పోతుంది. కడుపు స్కానులో చెప్పదగ్గ మాట ఏదైనా కుడిపక్క స్థితిలోనే పుడుతుంది. విరిగింది ఎడమ కాలు కావడం మా అదృష్టం. కుడి వైపుకు తిరిగితే విరిగిన కాలు పైనే ఉంటుంది. కుడి కాలే విరిగి ఉంటే తల వైపు మంచాన్ని 45 డిగ్రీలు లేపి చూసేవాళ్లం. కుడిపక్క అంత కచ్చితం కాకపోయినా వెల్లకిల కన్నా అది మేలు.

అంతకుముందే, అంటే ఎనిమిదీ నలభైఐదుకు, నొప్పి తగ్గడానికి గజ్జ దగ్గర ఫేసియా ఇలియాకా బ్లాకు ఇచ్చి ఉన్నాము. అరగంట గడిచింది. కాళ్ల మధ్య దిండు పెట్టి, నలుగురం పట్టుకుని, దుంగను దొర్లించినట్టు ఒంటిని ఒకటిగా కుడికి తిప్పాము. ‘నిదానం నాయనా’ అన్నది గానీ అరవలేదు. రెండో బొమ్మ తెర మీదికి రావడానికి అర నిమిషం పట్టింది. ఆంట్రం సాగి అండాకారంలో ఉంది. లోపల నల్లటి ద్రవం, ఆ ద్రవంలో అంబలిలో ఉడికిన నూకలు తేలినట్టు తెల్లటి పలుకులు. కడుపు ఒకసారి ముడుచుకుంటే అవన్నీ సుడి తిరిగి మళ్లీ అడుగుకు చేరుతున్నాయి. కొలతలు 2.8, 4.1 సెంటీమీటర్లు. ప్రోబు తీసుకుని నేనూ ఒకసారి చూశాను, అదే బొమ్మ.

లెక్క సరిగానే ఉంది

ఈ కేసులో పది మందికీ చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది.

పీజీ విద్యార్థి చురుకైనవాడు. ఫోను తీసి లెక్క వేశాడు. రెండు కొలతలను గుణించి, π (పై, అంటే 3.14)తో గుణించి, నాలుగుతో భాగిస్తే ఆంట్రం అడ్డుకోత వైశాల్యం 9.02 చదరపు సెంటీమీటర్లు. కడుపులో ద్రవం ఎంతుందో అంచనా వేయడానికి టొరంటోలో అనాహి పెర్లాస్ బృందం 2013లో ప్రచురించిన సూత్రం ప్రకారం, 27కు వైశాల్యానికి 14.6 రెట్లు కలిపి, వయసుకు 1.28 రెట్లు తీసేయాలి. వచ్చింది దాదాపు 81 మిల్లీలీటర్లు. బరువుతో భాగిస్తే కిలోకు 1.3 మిల్లీలీటర్లు. ‘ఒకటిన్నర లోపే ఉంది సార్, లో రిస్క్ కదా?’ అని అడిగాడు. లెక్కలో తప్పు లేదు. తప్పంతా ఆ లెక్కను ఆ బొమ్మకు వేయడంలో ఉంది.

ఆ సూత్రం పారదర్శక ద్రవానికి పుట్టింది. పరగడుపున ఉన్న ఆరోగ్యవంతుల కడుపులో కూడా కిలోకు ఒకటిన్నర మిల్లీలీటర్ల దాకా ద్రవం సహజంగా ఉంటుంది కాబట్టి, ద్రవం ఆ లోపు ఉంటే అదనపు ప్రమాదం లేదని, ఆ పైన ఉంటే కడుపు నిండి ఉన్నట్టేనని ఆ గీత గీశారు. పలుకులు కనిపించిన కడుపుకు ఈ గీత వర్తించదు. ఘనపదార్థం ఎంత ఉన్నా అది నిండు కడుపే. మిల్లీలీటర్లు లెక్కపెట్టడం అక్కడితో ఆగిపోవాలి. ఇదే సూత్రాన్ని అతడు మొదటి బొమ్మకు వేసి ఉంటే మైనస్ 11 మిల్లీలీటర్లు వచ్చేది. అది కుడిపక్క కొలతకే చెల్లుతుందన్న సంగతి మరచినవారికి ఆ మైనస్ గుర్తే గుర్తుచేయాలి. అంకె చేతిలో ఉంటే ఆలోచన ఆగిపోతుందన్న భయంతోనే నేను పిల్లలకు ముందు బొమ్మను మాటల్లో చెప్పమంటాను, ఆ తర్వాతే కొలత. ఖాళీయా, నీళ్లా, పలుకులా? నీళ్లు అయితేనే ఫోను తీయాలి.

ప్రసూతి వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ 1946లో ప్రచురించిన పత్రం పేరు మత్తు వైద్యులందరికీ తెలుసు. న్యూయార్క్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో 44,016 కాన్పుల్లో 66 మంది స్త్రీలకు మత్తులో కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆమ్లం వల్ల ఊపిరితిత్తులు వాచిన తీరు ఆయన పేరుతోనే నిలిచిపోయింది. కానీ ఆ 66 మందిలో చనిపోయిన ఇద్దరూ ఆమ్లం వల్ల కాదు, ఘనాహారం గాలిగొట్టాలకు అడ్డుపడి ఊపిరాడక చనిపోయారు. ఆమ్లం సంగతి అందరం గుర్తుపెట్టుకున్నాము, అడ్డుపడిన ముద్ద సంగతి అంతగా గుర్తుపెట్టుకోలేదు. కడుపులో ఇంతకు మించి ద్రవం, ఇంత ఆమ్లంగా ఉంటే ప్రమాదమని పరీక్షల్లో రాసే ‘25 మిల్లీలీటర్లు, పీహెచ్ 2.5’ అన్న జంట అంకెకు మూలం, ఒక కోతి ఊపిరితిత్తిలోకి నేరుగా ఆమ్లం పోసిన ప్రయోగం. కడుపులో ఎంత ఉంటే ఎంత పైకి వస్తుందన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

తిన్నారా అన్న ప్రశ్న

పదమూడు గంటల తర్వాత పలుకులెక్కడివి? గదిలో ఉన్నది మేమే కాబట్టి ఆమెనే మళ్లీ అడిగాను. ‘ఏం తిన్లేదు నాయనా, వొట్టు’ అన్నది. ఆమె అబద్ధమాడుతున్నదని నాకు ఆ క్షణంలోనూ అనిపించలేదు. బయట కూర్చున్న కూతురిని పిలిచి, తిండి మాట ఎత్తకుండా, తెల్లవారినప్పటి నుంచి ఏమేం జరిగిందో వరుసగా చెప్పమన్నాను. మొహం కడిగించారు. మందు మాత్రలు వద్దన్నారని ఇవ్వలేదు. అల్లుడు రాత్రికి రాత్రి కొండ మీద దర్శనం చేసుకుని ఆరు గంటలకు దిగి వచ్చాడు. వచ్చి? ‘ప్రసాదం పెట్టినాం సార్, రోంత. మొక్కు తీరలేదని ఏడస్తావుంటే.’ ఎంత? వేళ్లతో చూపించింది. ఒక లడ్డూలో పావు వంతు ఉంటుంది. పైన రెండు గుక్కల నీళ్లు.

మన దగ్గర ‘తినడం’ అంటే అన్నమో సంగటో తినడం. టిఫిన్ కూడా కొన్ని ఇళ్లలో సగమే తిన్నట్టు. ఏకాదశికి ఉపవాసమున్న మనిషి ఉప్పుడు పిండి, పాలు, అరటిపండు తీసుకుని కూడా ఉపవాసం ఉన్నానంటే అది అబద్ధం కాదు, ఉపవాసమంటే వారికి అదే. అంబలి తాగేది. మజ్జిగ దాహానికి. వక్కాకు నమిలేది. ప్రసాదమైతే కళ్లకద్దుకుని స్వీకరించేది, దాన్ని తిన్నానంటేనే తప్పులా ధ్వనిస్తుంది. నర్సు ఆరున్నరకు ‘ఏమైనా తిన్నారా’ అని అడిగింది, ‘లేదు’ అన్న జవాబు వచ్చింది. ప్రశ్నా జవాబూ రెండూ నిజాయితీగానే సాగాయి. శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు కలిసిన లడ్డూ మాత్రం కడుపు దృష్టిలో కొవ్వు భోజనం. దానికి ఎనిమిది గంటలు కావాలి.

అయితే ఆ పావు లడ్డూతోనే కథ తేలిపోయిందని నేను అనను. అంత చిన్న ముక్క అంత బొమ్మను ఇవ్వగలదా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. ముందు రోజు ఇడ్లీ కూడా అందులో ఉండి ఉండవచ్చు. స్కానుకు కడుపులో ఉన్నది కనిపిస్తుంది గానీ అది ఏ పూటదో కనిపించదు. నిర్ణయానికి ఆ తేడా అక్కర్లేదు కూడా.

ఆ పూట నిర్ణయం

సర్జన్‌తో మాట్లాడవలసి వచ్చింది. ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్నే. ‘ఎలాగూ నిండు కడుపు అనుకునే మత్తు ఇస్తారు కదా అన్నా, ఆ పద్ధతిలో ఇప్పుడే ఇచ్చేస్తే ఏం పోయింది? ఆమె తొందర ఆమెకుంది.’ ఆ పద్ధతి, అంటే వేగంగా నిద్రపుచ్చి, మాస్కుతో గాలి కొట్టకుండా ఒక నిమిషంలోపు శ్వాసనాళంలోకి గొట్టం వేయడం, ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసేయదు. 1961లో మత్తు వైద్యుడు సెల్లిక్ చెప్పిన గొంతు మృదులాస్థి నొక్కుడు కూడా అన్నవాహికను ప్రతిసారీ పూర్తిగా మూయదని ఇప్పుడు తెలుసు. పేగు మెలిపడిన మనిషికో, రక్తం పోతున్న మనిషికో అయితే పలుకులున్నా సరే, ఆ పద్ధతిలోనే అప్పటికప్పుడు ముందుకు పోతాము, ఎందుకంటే ఆగడమే అక్కడ పెద్ద ప్రమాదం. ఈమెకు 48 గంటల గడువులో ఇంకా పూర్తిగా ఒక రోజు మిగిలి ఉంది. అయిదారు గంటలు ఆగితే కాలికి పోయేదేమీ లేదు, ఊపిరితిత్తులకు దక్కేది చాలా ఉంది. నేను ఈ మాట చెప్పి, యంత్రం మీద నిలిపి ఉంచిన బొమ్మ చూపించాను. మాటల కన్నా ఆ బొమ్మే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. పలుకులు సుడి తిరగడం చూశాక ఆయనే లిస్టు మార్చి, మధ్యాహ్నం మూడు గంటలకు పెట్టించారు.

ముక్కు గుండా గొట్టం వేసి కడుపు ఖాళీ చేయమని ఎవరో ఒకరు ప్రతిసారీ అంటారు. ద్రవమైతే అది మంచి మాటే. పలుకులు ఆ గొట్టంలో రావు, వచ్చినట్టు కనిపించి అడ్డం పడతాయి. మెలకువలో ఉన్న గుండెజబ్బు మనిషికి వాంతి, దగ్గు, బీపీ పెరుగుదల మిగులుతాయి. దాన్ని వద్దనుకున్నాము. ట్రమడాల్ ఆపి, నొప్పికి పారాసిటమాల్ మాత్రమే ఉంచాము, బ్లాకు పనిచేస్తూనే ఉంది. ఇన్సులిన్‌ను సన్న ధారగా పెట్టి, గంట గంటకూ చూస్తూ, షుగరును 170 దగ్గరికి తెచ్చాము. ఈసీజీలో, గుండె లయ తప్పే ప్రమాదాన్ని సూచించే క్యూటీ విరామం 432 మిల్లీసెకన్లే ఉందని చూసుకున్నాక, పది గంటలకు ఎరిత్రోమైసిన్ 200 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి ముప్పావు గంట పాటు ఎక్కించాము. యాంటీబయాటిక్‌గా మనకు తెలిసిన ఈ మందు, మోటిలిన్ అనే హార్మోను పనిని తాను చేసి కడుపును బలంగా ముడుచుకునేలా చేస్తుంది. మధుమేహం వల్ల మందగించిన కడుపు మీద కూడా అది పనిచేయడం నేను చాలాసార్లు చూశాను. ఇదే పనికి మెటోక్లోప్రమైడ్ కూడా ఉంది గానీ, నా అనుభవంలో దాని బలం తక్కువ.

రెండు ముప్పావుకు మళ్లీ కుడి పక్కకు తిప్పాము. ఈసారి ఆంట్రంలో నల్లటి ద్రవమే ఉంది, ఒక్క పలుకూ లేదు. వైశాల్యం 5.1 చదరపు సెంటీమీటర్లు. ఇది సూత్రం చెల్లే బొమ్మ కాబట్టి పీజీ విద్యార్థినే లెక్క వేయమన్నాను. 23 మిల్లీలీటర్లు, కిలోకు 0.4 లోపు.

ఇంత చూశాక మామూలు పద్ధతిలోనే మత్తు ఇవ్వవచ్చునని వాదించేవారు ఉన్నారు. నేను ఇవ్వలేదు. పదిహేనేళ్ల మధుమేహం, గాయం, ఉదయం కళ్లారా చూసిన బొమ్మ, వీటి తర్వాత ఒక్క మంచి స్కాను నాకు ఇచ్చినది ముందుకు పోయే అనుమతే తప్ప జాగ్రత్త తగ్గించుకునే అనుమతి కాదు. తల వైపు 25 డిగ్రీలు లేపి, నోట్లోకి వచ్చినదాన్ని పీల్చేసే సక్షన్ గొట్టం ఆన్ చేసి తల పక్కనే పెట్టుకుని, మూడు నిమిషాలు పూర్తి ఆక్సిజన్ పీల్పించి, గుండెను దృష్టిలో పెట్టుకుని ఎటోమిడేట్‌తో నిద్రపుచ్చి, కండరాలను సడలించే రోకురోనియం కిలోకు 1.2 మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చి, గొంతు లోపలిని తెర మీద చూపే వీడియో లారింగోస్కోపుతో మొదటి ప్రయత్నంలోనే గొట్టం వేశాము. శ్వాసనాళాన్ని మూసే చిన్న బుడగ లాంటి కఫ్‌ను గాలితో నింపిన తర్వాత నోటి గుండా కడుపులోకి గొట్టం దింపితే 20 మిల్లీలీటర్ల పల్చటి పచ్చని ద్రవం వచ్చింది. గొట్టంలో వచ్చినదే కడుపులో ఉన్న మొత్తమని చెప్పలేము, అయినా లెక్కకు అంత దగ్గరగా రావడం చూసి విద్యార్థి మొహం వెలిగింది.

ఆపరేషన్ గంటా ఇరవై నిమిషాలు పట్టింది. మత్తు నుంచి లేపడం గురించి ఒక మాట. కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయే ఘట్టం అనగానే అందరూ గొట్టం వేసే క్షణాన్నే ఊహిస్తారు. మత్తు దిగుతూ గొట్టం తీసే క్షణం కూడా అంతే ప్రమాదకరం. బ్రిటన్‌లో మత్తు సమయంలో శ్వాసమార్గ సమస్యలపై 2011లో వెలువడిన నాలుగవ జాతీయ ఆడిట్, ఆ సమస్యలతో సంభవించిన మరణాలకు కారణాల్లో ఆస్పిరేషన్‌నే, అంటే కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోవడాన్నే, మొదటి స్థానంలో నిలబెట్టింది. అందులో విమర్శకు గురైనవి చాలావరకు ముందుగా ప్రమాదాన్ని అంచనా వేయని సందర్భాలే. రోకురోనియం ప్రభావాన్ని తీసేసే సుగామాడెక్స్ ఇచ్చి, కండరాల శక్తి పూర్తిగా తిరిగొచ్చిందని యంత్రంతో నిర్ధారించుకుని, ఆమె కళ్లు తెరిచి, చెయ్యి ఎత్తమంటే ఎత్తిన తర్వాతే, కూర్చోబెట్టి గొట్టం తీశాము.

మరికొన్ని సంగతులు

ఈ పరీక్షకు కొత్త యంత్రమేమీ అక్కర్లేదు. అయితే మన దేశంలో 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రానికీ నమోదు తప్పనిసరి. దాన్ని వాడే మత్తు వైద్యుల పేర్లు ఆ నమోదులో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. ఒక ఆసుపత్రి యంత్రాన్ని సంచిలో పెట్టుకుని మరో ఆసుపత్రికి తీసుకుపోయే పని పెట్టుకోకూడదు. చిన్న నర్సింగ్ హోములకు తిరిగే మిత్రులకు ఇదే పెద్ద అడ్డంకి, వారి బాధ నాకు తెలుసు.

చేయి తిరగడానికి సమయం పడుతుంది. నమ్మదగిన స్థాయికి రావడానికి సగటున 33 స్కానులు కావాలని ఒక అధ్యయనం తేల్చింది. మా పిల్లల్లో కొందరికి ఇరవై చాలాయి, కొందరికి యాభై పట్టాయి. కడుపుకు ఇదివరకే ఆపరేషన్ జరిగి ఆంట్రం మారిపోయినవారిలో, కడుపు పై భాగం ఛాతీలోకి జారినవారిలో ఈ కొలతలు చెల్లవు. గాలి అడ్డుపడి ఏమీ కనిపించకపోతే ‘కనిపించలేదు’ అనే రాయాలి, ఖాళీ అని రాయకూడదు. అలాంటప్పుడు మళ్లీ పాత పద్ధతే దిక్కు, అంటే రోగి పరిస్థితిని బట్టి నిండు కడుపని అనుకోవడం. ఇక కడుపు ఖాళీ అని ముందే గట్టిగా నమ్మకమున్న ఆరోగ్యవంతుడికీ, పేగు మూసుకుపోయి నిండు కడుపని తెలిసే ఉన్నవాడికీ ఈ స్కాను చేయడం కాలయాపన. అటో ఇటో తెలియని మధ్యవారికే దీని విలువ. బరువు తగ్గడానికో షుగరుకో వారానికోసారి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ తీసుకునేవారు ఇప్పుడు ఆ మధ్యవారి జాబితాలో చేరారు. ఆ మందు పనిచేసే తీరులోనే కడుపు మందగించడం ఉంది కాబట్టి, దాని గురించి పేరు పెట్టి అడగాలి. ఈమె అది వాడలేదు.

మా వార్డులో ప్రశ్న మార్చాము. ‘ఏమైనా తిన్నారా’ అన్నది తీసేసి, కాఫీ, టీ, పాలు, మజ్జిగ, అంబలి, గంజి, టిఫిను, పండ్లు, వక్కాకు, ప్రసాదం, తీర్థం అని ఒక్కొక్కటీ విడివిడిగా అడిగి, ప్రతిదాని పక్కనా వేళ రాయాలని నర్సులతో కలిసి ఒక కాగితం తయారు చేశాము. ప్రసాదం అన్న మాటను చేర్చమన్నది నేను కాదు, ఆ ఉదయం డ్యూటీలో ఉన్న నర్సే. తన మీద నింద పడుతుందేమోనని ఆమె రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. నింద పడవలసినది ప్రశ్న మీదేనని చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది.

రోగికి మరునాటి ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. రెండో రోజు వాకర్ పట్టుకుని నిలబడింది. మూడో రోజు సాయంత్రం, తొందర లేని వేళ, మంచం పక్కన కూర్చుని భోజనం సంగతులు అడిగాను. ఏడాదిగా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతున్నదని, మధ్యాహ్నం తిన్నది రాత్రికి తేన్పుల్లో తెలుస్తున్నదని, వయసు మీద పడితే అంతేలే అనుకున్నానని చెప్పింది. ఆ ఏడాదిలో షుగరు కోసం, గుండె కోసం ఆమె ఎన్నోసార్లు డాక్టర్ల దగ్గరికి పోయింది. ఏ చీటీలోనూ ఈ మాట లేదు. మత్తుకు ముందు నేను చేసిన పరీక్ష కాగితంలోనూ లేదు. జీర్ణకోశ వైద్యునికి చూపించమని రాసి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినమని, నూనె తగ్గించమని చెప్పి, ఐదో రోజు ఇంటికి పంపాము. డిశ్చార్జి కాగితంలో మందుల జాబితాకు పైన, పెద్ద అక్షరాల్లో, ఈ రోగికి కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుందని, మత్తు ఇచ్చే ముందు కుడిపక్కకు తిప్పి స్కాను చేయాలని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించాను. కూతురు ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించుకుని తీసుకుపోయింది.